యంత్రం మనది, తాళం ఎవరిది?

బీరువా తాళంచెవి పోతే తాళాలు బాగుచేసే మనిషిని పిలుస్తాము. ఆయన వచ్చి, బీరువా మనదేనని విచారించుకుని, తాళం తీసి, కొత్త చెవి చేసి ఇచ్చి వెళతాడు. బీరువా తయారుచేసిన కంపెనీ అనుమతి ఆయనకు గాని, మనకు గాని అవసరం లేదు. డబ్బు చెల్లించి కొన్న వస్తువుపై కొన్నవాడికే సర్వహక్కులూ ఉంటాయన్న సూత్రం మన సంతల్లోనూ, న్యాయస్థానాల్లోనూ తరతరాలుగా చెల్లుబాటు అవుతున్నదే. అయితే గత 15 సంవత్సరాలలో మన ఇళ్లలోకి వచ్చిన ఒక వస్తువు విషయంలో ఈ సూత్రం చడీచప్పుడు లేకుండా సడలిపోయింది. ఆ వస్తువు ల్యాప్‌టాప్ కంప్యూటర్.

రసీదు మన పేరున ఉంటుంది. వాయిదాలు మనమే కట్టి ఉంటాము. కాని మూత తెరిచి మీట నొక్కగానే తెరపై కనిపించే ప్రశ్నకు జవాబు ఎక్కడో విదేశంలోని కంపెనీ సర్వరులో ఉన్న ఖాతాకు చెందినది. ఆ ఖాతా పాస్‌వర్డ్ మరచిపోతే యంత్రం బాగానే పనిచేస్తున్నా దాని యజమాని మాత్రం గుమ్మం బయట నిలబడవలసి వస్తుంది. ఇటువంటి ల్యాప్‌టాప్‌లు నేడు మధ్యతరగతి ఇళ్ల అటకలపైన, చిన్న కార్యాలయాల మూలల్లో ఎన్నో కనిపిస్తాయి. ఇదేదో సాంకేతిక నిపుణులకు వదిలివేయవలసిన చిన్న చిక్కు కాదు. ఆస్తిహక్కు, విదేశీమారక ద్రవ్యం, పర్యావరణం ముడిపడి ఉన్న ఆర్థిక ప్రశ్న ఇది.

సదుపాయంగా వచ్చి షరతుగా మారి

ఈ ముడి ఒక్కరోజులో పడలేదు. 2011లో గూగుల్ వ్యవస్థతో నడిచే క్రోమ్‌బుక్‌లు విపణిలోకి వచ్చినప్పుడు వాటిలోకి ప్రవేశించటానికి గూగుల్ ఖాతానే ప్రధాన ద్వారమైంది. 2012 అక్టోబరులో విడుదలైన విండోస్ 8తో మైక్రోసాఫ్ట్ కూడా అదే బాట పట్టింది. అంతకుముందు కంప్యూటర్‌లోనే సృష్టించుకుని, కంప్యూటర్‌లోనే ఉండిపోయే స్థానిక ఖాతాకు బదులు ఇంటర్నెట్‌తో ముడిపడిన ఖాతాను అది ముందుకు తెచ్చింది. అప్పట్లో అది ఐచ్ఛికమే. 2021 అక్టోబరులో విండోస్ 11 వచ్చేసరికి గృహావసరాల ప్రతిలో మొదటిసారి యంత్రాన్ని సిద్ధం చేసుకోవటానికే ఆ ఖాతా తప్పనిసరి అయింది. 2022లో ఈ నిబంధనను సొంత వాడకానికి ఉద్దేశించిన ప్రొఫెషనల్ ప్రతికి కూడా విస్తరించారు. ఖాతా లేకుండా ముందుకు వెళ్లటానికి జాణతనం గలవారు వాడే పక్కదారులను సైతం 2025లో పరీక్షదశలోని ప్రతుల నుంచి తొలగించసాగారు.

ఆపిల్ సంస్థ మరింత గట్టి తాళాన్ని ఎంచుకుంది. 2013లో ఐఫోన్‌లకు ప్రవేశపెట్టిన యాక్టివేషన్ లాక్ విధానాన్ని 2019లో, ప్రత్యేక భద్రతా చిప్ ఉన్న మ్యాక్ కంప్యూటర్‌లకూ వర్తింపజేసింది. ఈ తాళం పడిన యంత్రంలోని సమాచారమంతా చెరిపివేసినా ప్రయోజనం ఉండదు. పాత ఖాతా పాస్‌వర్డ్ ఇచ్చేవరకు అది కదలదు.

ఈ ఏర్పాట్లను ప్రవేశపెట్టేటప్పుడు కంపెనీలు చెప్పిన కారణాలు సబబైనవే. ఫైళ్లు భద్రంగా ఉంటాయి, యంత్రం పోయినా సమాచారం మిగులుతుంది, దొంగకు వస్తువు అక్కరకు రాదు. వీటిని ఎవరూ కాదనరు. కాని సదుపాయం షరతుగా మారినప్పుడు, ఆ షరతు నెరవేర్చలేని పరిస్థితి ఏర్పడితే కొనుగోలుదారుడి గతి ఏమిటన్నది కూడా అదే స్పష్టతతో చెప్పి ఉండవలసింది. అలా చెప్పలేదు.

మన దేశపు తంటాలు వేరు

పాస్‌వర్డ్ మరచిపోతే తిరిగి పొందే మార్గాలు లేకపోలేదు. ఖాతా తెరిచినప్పుడు ఇచ్చిన ఫోను నంబరుకు గాని, మరొక ఈ-మెయిలుకు గాని సంకేతసంఖ్య పంపుతారు. దానిని నమోదు చేస్తే కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు. అంటే ఈ వ్యవస్థ మొత్తం ఒక నమ్మకంపై నిలబడి ఉంది: మనిషి ఫోను నంబరు సంవత్సరాల తరబడి మారదని. మన దేశంలో ఈ నమ్మకానికి పునాది బలహీనం.

ఇక్కడ ప్రీపెయిడ్ సిమ్ కార్డులదే రాజ్యం. రీఛార్జి చేయకపోతే నంబరు రద్దవుతుంది. రద్దయిన నంబరును కనీసం 90 రోజుల పాటు మరొకరికి కేటాయించరు, ఆ గడువు దాటాక కేటాయించవచ్చు. పాత నంబరులోని సమాచారం విషయంలో చందాదారుడే తగిన జాగ్రత్తలు తీసుకోవాలని 2023 నవంబరులో సుప్రీంకోర్టు సైతం పేర్కొన్నది. పర్యవసానంగా మన ల్యాప్‌టాప్‌ను తెరిచే సంకేతసంఖ్య ఎవరో అపరిచితుడి చేతిలోని ఫోనుకు చేరుతుంది. ఆ అపరిచితుడు దాన్ని ఏదో అక్కరమాలిన సందేశంగా భావించి తొలగిస్తాడు. దురాలోచన కలిగితే పర్యవసానం మరింత ప్రమాదకరం.

ఇంకొక తంటా దుకాణంలోనే మొదలవుతుంది. కొత్త యంత్రాన్ని సిద్ధం చేసి ఇచ్చే కుర్రవాడు, కొనుగోలుదారుకు ఈ-మెయిల్ లేదని తెలిసి, అప్పటికప్పుడు ఒక ఖాతా సృష్టిస్తాడు. పని త్వరగా కావాలి గనుక తన నంబరే ఇస్తాడు. రెండేళ్ల తర్వాత ఆ కుర్రవాడు మరో ఊళ్లో మరో ఉద్యోగంలో ఉంటాడు. కళాశాలకు వెళ్లే కుమారుడు తన ఖాతాతో తెరిచిన యంత్రాన్ని తండ్రికి వదిలి విదేశాలకు వెళ్లటం, చిన్న సంస్థలో లెక్కలు చూసే ఉద్యోగి మానివేయటం, అన్నిటికన్నా విషాదకరంగా ఖాతాదారుడు హఠాత్తుగా మరణించటం – ఇవన్నీ నిత్యజీవితంలో జరిగేవే. వీటిలో ఏ ఒక్కటీ మోసం కాదు. అయినా వ్యవస్థ దృష్టిలో ఈ మనుషులందరూ యంత్రాన్ని తస్కరించిన వారితో సమానం.

ఇక సహాయం కోసం ఇంటర్నెట్‌లో వెతికేవారికి మరొక గండం పొంచి ఉంది. ప్రముఖ కంపెనీల పేరుతో నకిలీ సహాయ కేంద్రాల నంబర్లు అక్కడ కొల్లలు. తాళం తీయిస్తామని నమ్మించి, యంత్రాన్నో ఫోనునో దూరం నుంచి తమ అదుపులోకి తీసుకునే ప్రోగ్రాములు వేయించి, బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసే ముఠాలు పనిచేస్తున్నాయి. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లు అవుతుంది. అలా మోసపోయినవారు జాప్యం చేయకుండా సైబర్ నేరాల జాతీయ సహాయ నంబరు 1930కు ఫోను చేయాలి.

దారులు ఉన్నాయి, కాని సమానంగా లేవు

పాస్‌వర్డ్ పోయిన పాత ల్యాప్‌టాప్ పారవేయవలసిందేనన్న అపోహ చాలామందిలో ఉంది. అది నిజం కాదు. సాధారణ విండోస్ యంత్రమైతే ప్రవేశద్వారం దగ్గరే షిఫ్ట్ మీటను నొక్కిపట్టి రీస్టార్ట్ ఎంచుకుంటే మరమ్మతు తెర వస్తుంది. అందులో యంత్రాన్ని తొలిస్థితికి తెచ్చే రీసెట్ విభాగం ఉంటుంది. ఫైళ్లు ఉంచుకుంటామంటే పాత పాస్‌వర్డ్ అడుగుతుంది. అన్నీ తొలగించే మార్గమే మనకు మిగిలేది. అదీ కుదరకపోతే మరొక కంప్యూటర్ సహాయంతో పెన్‌డ్రైవ్‌లోకి విండోస్‌ను దించుకుని కొత్తగా స్థాపించుకోవచ్చు. విండోస్ 10 కాలం నుంచి అనుమతిపత్రం సాధారణంగా యంత్రపు హార్డ్‌వేర్‌తోనే ముడిపడి ఉంటుంది గనుక అదే ప్రతిని మళ్లీ స్థాపించుకున్నవారు కొత్తగా డబ్బు చెల్లించవలసిన పని లేదు. పాత ఖాతాయే కావాలని కూడా అది పట్టుబట్టదు, కొత్త ఖాతాతో సరిపెట్టుకుంటుంది. విండోస్ వద్దనుకునే వారికి ఉచితంగా లభించే లైనక్స్ వ్యవస్థలు ఉన్నాయి. తక్కువ సామర్థ్యం గల పాత యంత్రాలకు అవి మరింత అనువైనవి కూడా.

సొంతంగా కొన్న క్రోమ్‌బుక్ విషయంలోనూ ఇదే. ప్రవేశపు తెరపై కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్, ఆర్ మీటలను ఒకేసారి నొక్కితే పవర్‌వాష్ అనే ప్రక్షాళన మొదలవుతుంది. యంత్రంలోని సమాచారం పోతుంది, యంత్రం దక్కుతుంది.

కాని పాఠశాలలు, కంపెనీలు తమ పేరున నమోదు చేసుకున్న యంత్రాల సంగతి వేరు. వాటి గుర్తింపు వివరాలు తయారీదారుల సర్వర్లలో ముందే నమోదై ఉంటాయి. ఎన్నిసార్లు ప్రక్షాళన చేసినా ఇంటర్నెట్ తగలగానే అవి మళ్లీ ఆ సంస్థ ఖాతానే అడుగుతాయి. వేలంలోనో, పాతసామాను దుకాణంలోనో వాటిని కొన్నవాడు ఆ సంస్థ తన జాబితా నుంచి పేరు తొలగించేవరకు ఎదురుచూడవలసిందే. యాక్టివేషన్ లాక్ పడిన మ్యాక్‌కైతే పాత పాస్‌వర్డ్ గాని, అసలు కొనుగోలు రసీదు చూపి ఆపిల్ సంస్థను ఒప్పించటం గాని తప్ప మరో రాచబాట లేదు. చేతులు మారిన యంత్రానికి అసలు రసీదు ఎందరి దగ్గర ఉంటుంది?

కనుక ఒకే ధర పెట్టి కొన్న రెండు వస్తువులలో ఒకదానిపై యజమానికి పూర్తి హక్కు మిగిలి ఉంటుంది, మరొకదానిపై ఉండదు. కొనేటప్పుడు దుకాణంలో ఈ తేడాను చెప్పేవారుండరు, పెట్టెపై రాసి ఉండదు.

సమాచారం వేరు, సామాను వేరు

ఈ చర్చలో తరచూ కలగాపులగమయ్యే రెండు విషయాలను విడదీసి చూడాలి. ల్యాప్‌టాప్‌లోని సమాచారం – ఉత్తరాలు, ఫొటోలు, బ్యాంకు వివరాలు – ఖాతాదారుడి సొంతం. వాటిని పాస్‌వర్డ్ లేనివాడు చూడలేకపోవటమే న్యాయం. ఇతరుల కంప్యూటర్‌లోకి అనుమతి లేకుండా ప్రవేశించటాన్ని 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 43వ సెక్షన్ తప్పుగా పరిగణిస్తున్నది. నిజాయితీ లేకుండానో, మోసబుద్ధితోనో చేస్తే 66వ సెక్షన్ కింద అది నేరం. ఈ రక్షణను సడలించాలని ఎవరూ కోరటం లేదు.

కాని లోహం, గాజు, సిలికాన్‌తో చేసిన ఆ పరికరం వేరు. సమాచారమంతా చెరిపివేసిన తర్వాత మిగిలేది ఒక వస్తువు మాత్రమే. ఆ వస్తువును న్యాయమైన యజమాని తిరిగి వాడుకోవటానికి అడ్డు ఉండకూడదు. పాస్‌వర్డ్ సమాచారానికి కాపలా కాయాలి గాని, సామానును చెరపట్టకూడదు.

విచిత్రం ఏమిటంటే పాత విండోస్ యంత్రాలు అనేకం ఈ రెండు పనుల్లో మొదటిదే సరిగా చేయలేదు. డిస్కులోని సమాచారాన్ని గూఢలిపిలోకి మార్చని పాత ల్యాప్‌టాప్‌లో డిస్కు ఊడదీసి మరో కంప్యూటర్‌కు తగిలిస్తే పాస్‌వర్డ్ లేకుండానే ఫైళ్లు కనిపిస్తాయి. అంటే ఆ తాళం మతిమరుపు యజమానిని ఆపింది గాని, పనితెలిసిన దొంగను ఆపలేదు. ల్యాప్‌టాప్ అమ్మివేసేవారు ఈ సంగతి గుర్తుంచుకుని ముందుగా డిస్కును పూర్తిగా తుడిచివేయటం శ్రేయస్కరం.

కొత్త యంత్రాల్లో సమస్య తలకిందులైంది. 2024లో వచ్చిన విండోస్ 11 ప్రతి నుంచి, కొత్తగా స్థాపించినప్పుడు డిస్కు గూఢలిపీకరణ చాలా యంత్రాలలో దానంతట అదే అమలవుతున్నది. దానిని విప్పే 48 అంకెల తాళం మైక్రోసాఫ్ట్ ఖాతాలోనే భద్రపరచబడుతుంది. ఏ ఖాతా పాస్‌వర్డ్ పోయిందో ఆ ఖాతాలోనే తాళం ఉందన్నమాట! పెట్టె తాళంచెవిని పెట్టెలోనే పెట్టి మూత వేసినట్లున్నది. గూఢలిపీకరణ మంచిదే. కాని ఆ 48 అంకెలను కాగితంపై రాసిపెట్టుకొమ్మని ప్రజలకు అర్థమయ్యే భాషలో ముందే హెచ్చరించకపోవటం వల్ల ఖాతా పోయినవారు సంవత్సరాల ఫొటోలు, పత్రాలు శాశ్వతంగా కోల్పోతారు.

దొంగతనాల వాదన

తాళాన్ని సమర్థించేవారి వాదనను తేలికగా కొట్టిపారవేయలేము. 2013లో ఐఫోన్‌లకు యాక్టివేషన్ లాక్ వచ్చిన తర్వాత ఏడాదిలో ఐఫోన్‌ల చోరీలు శాన్‌ఫ్రాన్సిస్కోలో 40 శాతం, న్యూయార్క్‌లో 25 శాతం తగ్గాయనీ, లండన్‌లో స్మార్ట్‌ఫోన్‌ల దొంగతనాలు సగానికి పడిపోయాయనీ ఆ నగరాల అధికారులు 2015 ఫిబ్రవరిలో ప్రకటించారు. దొంగకు గిట్టుబాటు కాని వస్తువు జోలికి దొంగ పోడన్నది నిజమే.

అయినా ఎలుకలున్నాయని ఇల్లు తగులబెట్టుకోలేము కదా. చోరసొత్తును అడ్డుకుంటూనే న్యాయమైన యజమానికి దారి విడిచే పద్ధతి మన దేశంలోనే మొబైల్ ఫోన్ల విషయంలో కళ్లముందు ఉంది. 2023 మే నెలలో కేంద్ర టెలికాం శాఖ దేశవ్యాప్తంగా అందుబాటులోకి తెచ్చిన సంచార్ సాథీ వ్యవస్థలో పోయిన ఫోనును దాని గుర్తింపు సంఖ్య ఆధారంగా నిలిపివేయవచ్చు. దొరికిన తర్వాత తిరిగి తెరిపించుకోవచ్చు. పాత ఫోను కొనబోయేవాడు అది నిలిపివేసిన జాబితాలో ఉన్నదో లేదో ముందే చూసుకోవచ్చు. ఈ పద్ధతి ద్వారా పోయిన ఫోన్లను రాబట్టటంలో తెలంగాణ పోలీసులు ముందు వరుసలో నిలిచారు. ఇక్కడ తాళం వేసే అధికారం, తీసే అధికారం ప్రజలకు జవాబుదారీ అయిన వ్యవస్థ చేతిలో ఉన్నాయి. ల్యాప్‌టాప్‌కు అటువంటి ఏర్పాటు లేదు. ఎవరు యజమాని, ఎవరు దొంగ అన్న నిర్ణయాన్ని ప్రైవేటు కంపెనీ కంప్యూటర్‌కు వదిలివేశాము.

జాతికి కలుగుతున్న నష్టం

మన దేశంలో వాడే ల్యాప్‌టాప్‌లలో అత్యధిక భాగం దిగుమతి అవుతున్నవే, అందులోనూ చైనా నుంచి వచ్చేవే ఎక్కువ. ఈ దిగుమతులపై 2023 ఆగస్టు 3న కేంద్రం ఆంక్షలు ప్రకటించి, నిరసనలు రావటంతో అమలు వాయిదా వేసి, ఆ సంవత్సరం నవంబరు నుంచి అనుమతుల విధానంతో సరిపెట్టుకున్నది. ఒక పక్క దిగుమతి భారం తగ్గాలని ఇంత హడావుడి చేస్తూ, మరోపక్క దేశంలోకి ఇప్పటికే వచ్చి, చక్కగా పనిచేయగల యంత్రాలు ఒక మాట మరచిపోయిన కారణంగా మూలపడుతుంటే పట్టించుకోకపోవటం వింతే.

ఢిల్లీలో నెహ్రూప్లేస్, చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్.పి. రోడ్, ముంబయిలో లామింగ్టన్ రోడ్, సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ – ఈ బజార్లలో పాత ల్యాప్‌టాప్‌లను బాగుచేసి అమ్మే చిన్న వ్యాపారులు, మెకానిక్‌లు ఎందరో బతుకుతున్నారు. కొత్త యంత్రం కొనలేని విద్యార్థికి, నిరుద్యోగికి, చిన్న దుకాణదారుకు వారే దిక్కు. సాఫ్ట్‌వేర్ కంపెనీలు మూడు, నాలుగేళ్లు వాడి వదిలించుకునే యంత్రాలు ఈ బజార్లకే చేరుతాయి. సంస్థ తాళం విప్పకుండా విడిచిన యంత్రాలు వీరి చేతుల్లో విడిభాగాల కింద జమ కావలసిందే. అమెరికాలోనే ఈ పరిస్థితి ఉంది. తాళం వీడని, మంచి స్థితిలోనే ఉన్న మ్యాక్ కంప్యూటర్లను తుక్కు చేయవలసి వస్తున్నదని అక్కడి మరమ్మతుదారులు 2023లో వాపోయారు.

ఐక్యరాజ్యసమితి సంస్థల భాగస్వామ్యంతో 2024లో వెలువడిన అంతర్జాతీయ ఈ-వ్యర్థాల నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగయ్యాయి. వాటిలో 22.3 శాతం మాత్రమే పద్ధతి ప్రకారం సేకరించి శుద్ధిచేసినట్లు లెక్క తేలింది. ఈ వ్యర్థాల ఉత్పత్తిలో చైనా, అమెరికాల తర్వాతి స్థానం మనదే. పనిచేసే యంత్రాన్ని సైతం వ్యర్థం జాబితాలో చేర్చే విధానాన్ని ఈ దేశం భరించగలదా?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగియటం ఈ సమస్యను మరింత తీవ్రం చేసింది. సొంతంగా వాడుకునేవారికి 2026 అక్టోబరు 13 వరకు భద్రతా సవరణలు అందించే ఏర్పాటును కంపెనీ చేసింది. సెట్టింగులను తన సర్వరులో దాచుకుంటే ఉచితమనీ, లేకుంటే 30 డాలర్లు చెల్లించాలనీ చెప్పింది. ఏ మార్గాన్ని ఎంచుకున్నా మైక్రోసాఫ్ట్ ఖాతా ఉండి తీరాలి. పాత యంత్రానికి ఆయువు పోయటానికి సైతం ఖాతాయే మందు అన్నమాట.

చట్టం ఏమంటున్నది?

మన చట్టాలు ఈ విషయంలో పూర్తిగా మౌనంగా ఉన్నాయనటం సరికాదు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 14వ సెక్షన్ ప్రకారం, కొనుగోలుదారుడు వస్తువును నిరాటంకంగా అనుభవించగలడన్న హామీ ప్రతి అమ్మకంలోనూ అంతర్లీనంగా ఉంటుంది. అమ్మిన వస్తువుపై, కొనేవాడికి తెలియని మూడో వ్యక్తి బాధ్యత ఏదీ ఉండదన్న హామీ కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. బ్రిటిష్ కాలంలో ఈ వాక్యాలు రాసినవారి మనస్సులో తాకట్టు పడిన బండ్లు, యంత్రాలు ఉండి ఉంటాయి. విదేశీ సర్వరులోని ఖాతా తాళం కూడా వస్తువుపై పడిన తాకట్టు వంటిదేనని గుర్తించి, ఈ సూత్రాన్ని దానికి స్పష్టంగా వర్తింపజేయవలసిన సమయం వచ్చింది.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 14వ సెక్షన్ మరణించిన లేదా అశక్తుడైన వ్యక్తి తరఫున హక్కులు వినియోగించుకునే నామినీని నియమించుకునే వీలు కల్పించింది. బ్యాంకు ఖాతాకు నామినీ ఉన్నట్లే ఇదీ. దీని నియమాలను 2025 నవంబరులో ప్రకటించినా, ముఖ్యమైన బాధ్యతలు అమలులోకి రావటానికి 18 నెలల గడువు ఇచ్చారు. ఈ గడువులోగా కంపెనీలు నామినీ సదుపాయాన్ని తెలుగు సహా భారతీయ భాషల్లో, యంత్రాన్ని మొదటిసారి తెరిచినప్పుడే కనిపించేలా ఏర్పాటు చేయాలని కోరటం అత్యాశ కాదు.

మరమ్మతు హక్కుపై కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో కమిటీని నియమించింది. అదే సంవత్సరం డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినం సందర్భంగా, ఒక పోర్టల్‌ను ప్రారంభించింది. వస్తువులను మరమ్మతు సౌలభ్యం ప్రకారం అంచనా వేసే సూచీపై ఏర్పడిన మరో కమిటీ 2025 మే నెలలో నివేదిక సమర్పించింది. మరలు విప్పటం సులభమా, విడిభాగాలు దొరుకుతాయా అన్నవి చూడవలసినవే. అయితే అన్ని మరలు విప్పినా, అన్ని భాగాలు మార్చినా, చివరకు తెరపై తెలియని పాస్‌వర్డ్ అడిగితే ఆ మరమ్మతుకు అర్థమేమిటి? తాళం విడుదల సౌలభ్యాన్ని కూడా ఆ సూచీలో ఒక కొలమానంగా చేర్చకపోతే మరమ్మతు హక్కు అలంకారప్రాయమే అవుతుంది.

ప్రభుత్వాల బాధ్యత

ఈ విషయంలో ప్రభుత్వాలు న్యాయనిర్ణేతలు మాత్రమే కావు, పెద్ద కొనుగోలుదార్లు కూడా. 2011 సెప్టెంబరులో తమిళనాడులో జయలలిత ప్రభుత్వం విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాప్‌ల పంపిణీ ప్రారంభించింది. 2013 మార్చిలో ఉత్తరప్రదేశ్‌లో అఖిలేశ్ యాదవ్ ప్రభుత్వం ఇంటర్మీడియెట్ పూర్తిచేసినవారికి లక్షల సంఖ్యలో వాటిని పంచింది. ఆ యంత్రాల తెరలపై ముఖ్యమంత్రి, ఆయన తండ్రి చిత్రాలు దర్శనమిచ్చాయి. 2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్‌లో జగన్ ప్రభుత్వం 8వ తరగతి విద్యార్థులకు పాఠ్యాంశాలు నింపిన ట్యాబ్‌ల పంపిణీకి శ్రీకారం చుట్టింది. తెరపై ఎవరి బొమ్మ ఉండాలన్న దానిపై చూపిన శ్రద్ధ, ఆ యంత్రం ఖాతా ఎవరి పేరున ఉంటుంది, పాస్‌వర్డ్ పోతే పేద విద్యార్థి ఎవరిని ఆశ్రయించాలి, చదువు ముగిశాక నియంత్రణ ఎప్పుడు తొలగిస్తారు అన్న ప్రశ్నలపై చూపటం అంతకంటె అవసరం. వందల కోట్ల రూపాయల టెండరులో ఈ మూడు వాక్యాలు చేర్చటానికి అదనంగా ఒక్క రూపాయి ఖర్చు కాదు. భారీ కొనుగోలుదారు అడిగిన షరతును కంపెనీలు కాదనవు. ప్రభుత్వానికి ఇచ్చిన సదుపాయాన్ని సామాన్యుడికి నిరాకరించటం ఆ తర్వాత వాటికి కష్టమవుతుంది.

చేయవలసినవి అసాధ్యమైనవి కావు. ఏ ఖాతా తప్పనిసరో, తాళం తీయించుకోవటం ఎలాగో పెట్టెపైనే ముద్రించాలి. కొనుగోలు ఆధారం లేదా వారసత్వ పత్రం చూపిన యజమానికి, సమాచారం చెరిపివేసే షరతుపై, నిర్ణీత దినాల్లో తాళం విడుదల చేసే బాధ్యతను తయారీదారులపై ఉంచాలి. అందుకు పాత ఫోను నంబరు తప్పనిసరి కాకూడదు, దేశంలోనే మనిషి జవాబు చెప్పే కేంద్రం ఉండాలి. చోరీ ఫిర్యాదు ఉన్న యంత్రాలకు మినహాయింపు ఎలాగూ ఉంటుంది. పాత యంత్రాలు వదిలించుకునే సంస్థలు తమ నమోదు తొలగించినట్లు ధ్రువపత్రం ఇచ్చిన తర్వాతనే అమ్మకానికి అనుమతించాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు పాత యంత్రాలను పునరుద్ధరించేవారి నమోదుకు ఇప్పటికే చోటు కల్పించాయి. ఈ ధ్రువపత్రాన్ని వాటిలో చేర్చటానికి కొత్త చట్టం కూడా అక్కరలేదు.

ఈలోగా ప్రజలు చేసుకోగల పనులూ ఉన్నాయి. ఖాతాను దుకాణంవారి నంబరుతో గాక సొంత నంబరుతో తెరవాలి. నంబరు మార్చేముందు ఖాతాలో మార్చుకోవాలి. పాస్‌వర్డ్‌ను, పునరుద్ధరణ సంకేతాలను, డిస్కు తాళపు 48 అంకెలను కాగితంపై రాసి, పొలం దస్తావేజులు దాచే చోటనే రసీదుతో సహా దాచాలి. పాత యంత్రం కొనేవారు డబ్బు ఇవ్వకముందే దాన్ని తమ ఎదుట ప్రక్షాళన చేయించి, ఇంటర్నెట్‌కు కలిపి, పాత ఖాతా అడగటం లేదని నిర్ధారించుకోవాలి. కంపెనీ మొండికేస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915 ఉండనే ఉంది. అటువంటి ఫిర్యాదులు అక్కడ నమోదవుతున్న కొద్దీ, ఇది ఒకరిద్దరి మతిమరుపు సమస్య కాదని వినియోగదారుల వ్యవహారాల శాఖ గ్రహించక తప్పదు. మరమ్మతు సౌలభ్య సూచీకి తుదిరూపం ఇచ్చేటప్పుడు ల్యాప్‌టాప్‌ను, దాని ఖాతా తాళాన్ని అందులో చేర్చటంతో ఆ శాఖ మొదలుపెట్టవచ్చు.